కొలత యెఱిగి కొనుడు

మన పాఠశాలకు వచ్చు బాలబాలికలలో పలువుర యిండ్లయందు నేడు మూలబడిన కంప్యూటరో, తెర పగిలిన ల్యాప్‌టాపో యొకటి కానవచ్చును. యంత్రము పాడైనంత మాత్రమున దానిలోని హార్డుడిస్కు కూడ పాడయ్యెనని తలపరాదు. దీపము కొండెక్కినను ప్రమిదలో నూనె మిగిలియుండుట కలదు గదా! ఆ డిస్కును వెలికిదీసి, తగిన పెట్టెలో నమర్చి, తీగతో వేఱొక కంప్యూటరునకు తగిలించినచో, అందలి ఛాయాచిత్రములును, లెక్కలును, ఉత్తరములును మరల మన చేతికి వచ్చును. ఆ పెట్టెను అంగళ్లలో ఎన్‌క్లోజరనియు, కేసనియు పిలుచుచున్నారు. దాని వెల క్రొత్త కంప్యూటరు వెలతో పోల్చిన స్వల్పము, ఉపయోగము గొప్పది. అయినను దానిని కొనబోయినవారిలో పెక్కండ్రు ఒక్క మాట సరిగా నర్థముకాక నష్టపడుచున్నారు. ఆ మాట "సైజు". దీనినిగూర్చి నా యభిప్రాయమును చదువరులకు విన్నవింపదలచితిని. తప్పు చేసి నేర్చుకొన్నవాడను గనుక, ఈ విషయమున మాటలాడుటకు నాకు కొంత యధికారము కలదని నమ్ముచున్నాను.

గత సంవత్సరము వేసవి సెలవులు ముగిసిన పిదప, ఒకనాటి సాయంకాలము మన తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకని తండ్రిగారు నన్ను బజారులో కలిసికొని, "మాష్టరుగారూ, మా పాత కంప్యూటరు ఇక పనిచేయదని మెకానిక్కు చెప్పినాడండీ. డిస్కు మాత్రము తీసి యిచ్చినాడు. 500 జీబీ డిస్కట. దానికి కేసు కొనవలెనట. ఎట్టిది కొనమందురు?" అని యడిగిరి. నేను త్రోవలో నిలువబడియే, ఆ డిస్కును చూడకయే, "500 జీబీలకు పనికివచ్చునది యేదైనను చాలునండీ" అంటిని. ఆయన నా మాట నమ్మి, మఱునాడు పట్టణమునకు బోయి, "4 టెరాబైట్ల వఱకు పనికివచ్చును" అని పైన వ్రాసియున్న చక్కని చిన్న కేసు నొకదానిని కొనితెచ్చిరి. నాలుగు టెరాబైట్లనగా ఐదువందల గిగాబైట్లకు ఎనిమిది రెట్లు గనుక, తమ డిస్కు అందులో సులభముగా పట్టునని ఆయన తలంచిరి. ఆ తలంపునందు తప్పేమి?

రెండుదినములు గడచిన పిమ్మట ఆ బాలుడు డిస్కును తువాలులో చుట్టుకొని, కేసును చేతబట్టుకొని నాయొద్దకు వచ్చెను. "మాష్టరుగారూ, ఇది యిందులో దూఱుట లేదండీ. కవరు చింపినందున అంగడివారు కేసు తిరిగి తీసికొనమన్నారు. డిస్కునే పాత సామానులవానికి వేసివేయుదమని నాన్నగారు అనుచున్నారు. దానిలో మా నాయనమ్మ మాటలున్నవండీ" అని చెప్పి తల వంచుకొనెను. విచారింపగా, కాలము చేసిన ఆ వృద్ధురాలు మనుమలకు చెప్పిన కథలను ఆ బాలుని యన్న కంప్యూటరులో నెక్కించి యుంచెనట. వేఱొక ప్రతి ఎక్కడను లేదట.

ఆ రెండు వస్తువులను ప్రక్కప్రక్కన బెట్టి చూచినంతనే నా తప్పు నాకు దెలిసెను. డిస్కు చిన్న నిఘంటువువలె నున్నది. కేసు జేబుపుస్తకమువలె నున్నది. కేసుపై వ్రాసిన మాట అబద్ధము కాదు. అంగడివాడు మోసగాడు కాడు. తండ్రిగారు తెలివితక్కువవారు కారు. నేను చెప్పిన సమాధానమే అసంపూర్ణము. డిస్కులో ఎంత పట్టునని మేము మాటలాడుకొంటిమి గాని, డిస్కు ఎందులో పట్టునని మాటలాడుకొనలేదు.

చదువరులారా! హార్డుడిస్కునకు కొలతలు రెండు గలవు. ఒకటి మేని కొలత. అనగా దాని పొడవు, వెడల్పు, మందము. రెండవది పట్టు కొలత. అనగా దానిలో నిలువ చేయదగిన సమాచారము. రెంటికిని మనము సైజు అను నొక్క మాటనే వాడుచున్నాము. బిందె విషయమున నీ చిక్కు రాదు. బిందె పెద్దదైనచో నీరు నెక్కువగా పట్టును. హార్డుడిస్కుల విషయమున అట్లు కాదు. అఱచేతిలో నిముడు చిన్న డిస్కు రెండు టెరాబైట్లు పట్టవచ్చును. అంతకంటె నెంతయో పెద్దదియగు పాత డిస్కు ఐదువందల గిగాబైట్లు మాత్రమే పట్టవచ్చును. కావున పట్టు కొలతనుబట్టి మేని కొలతను ఎన్నడును ఊహింపరాదు. కత్తి పదునునుబట్టి ఒరను కొనువాడు లేడు; కత్తి పొడవును వెడల్పును జూచి కొనును. కేసు హార్డుడిస్కునకు ఒర వంటిది.

మేని కొలతలకు వాడుకలోనున్న పేళ్లు కూడ కొంత తికమక పెట్టునవియే. వాని చరిత్రము తెలిసికొన్నచో తికమక తొలగును. 1956వ సంవత్సరమున ఐ.బి.యం. వారు తెచ్చిన మొదటి హార్డుడిస్కు యంత్రములో 24 అంగుళముల వ్యాసముగల పళ్లెములు 50 ఉండెడివి. అది బీరువాకంటె పెద్దదై, టన్ను బరువుండియు, ఏబది లక్షల అక్షరములను మాత్రమే పట్టెడిది. నేడు చేతిఫోనుతో తీసిన కొన్ని ఛాయాచిత్రములకే ఆ స్థలము చాలదు. తరువాత 1980లో ఐదుంబావు అంగుళముల డిస్కును, 1983లో మూడున్నర అంగుళముల డిస్కును, 1988లో రెండున్నర అంగుళముల డిస్కును వెలువడినవి. వీనిలో కడపటి రెండే నేడు మన యిండ్లలో తఱచుగా కానవచ్చునవి. బల్లపై నుంచు కంప్యూటర్లలో సాధారణముగా మూడున్నర అంగుళముల డిస్కులును, ల్యాప్‌టాపులలో రెండున్నర అంగుళముల డిస్కులును ఉండును.

అయితే స్కేలు తీసికొని కొలిచినచో, మూడున్నర అంగుళముల డిస్కు ఏ ప్రక్కను మూడున్నర అంగుళములుండదు! దాని వెడల్పు 101.6 మిల్లీమీటర్లు, అనగా సరిగా నాలుగంగుళములు. పొడవు ఇంచుమించు 147 మిల్లీమీటర్లు. మందము సాధారణముగా 26 మిల్లీమీటర్లు. మఱి మూడున్నర యను పేరెట్లు వచ్చెను? పూర్వము కంప్యూటర్లలో మూడున్నర అంగుళముల ఫ్లాపీలను వేయు సాధనము కొఱకు ఒక అర యుండెడిది. ఆ అరలో నమరునట్టి డిస్కునకు ఆ పేరే నిలిచినది. రెండున్నర అంగుళముల డిస్కు వెడల్పు 69.85 మిల్లీమీటర్లు, పొడవు ఇంచుమించు 100 మిల్లీమీటర్లు. దాని పేరు లోపల తిరుగు పళ్లెము వ్యాసమునకు దగ్గఱగా నుండును. కావున పేరును కొలతగా భావింపక, కొలతను కొలిచియే తెలిసికొనవలెను. వెడల్పు నాలుగంగుళములైన మూడున్నర డిస్కు. రెండుముప్పాతిక అంగుళములైన రెండున్నర డిస్కు. ఈ యొక్క వాక్యమును కంఠస్థము చేసినవారు నావలె తప్పు చెప్పరు.

రెండున్నర అంగుళముల డిస్కులలో నింకొక భేదము గలదు. అది మందమునకు సంబంధించినది. ఇవి 7, 9.5, 12.5, 15 మిల్లీమీటర్ల మందములలో వచ్చుచున్నవి. సన్నని ల్యాప్‌టాపులలోను, తిరుగు పళ్లెములు లేని ఎస్.ఎస్.డి.లలోను 7 మిల్లీమీటర్లు సాధారణము. పాత ల్యాప్‌టాపులలో 9.5 మిల్లీమీటర్లు మిక్కిలి వాడుక. ఎక్కువ పట్టుగల వానిలో పళ్లెముల సంఖ్య పెరుగుటచే మందము 15 మిల్లీమీటర్ల వఱకు పోవుట కలదు. పెక్కు చిన్న కేసులు 9.5 మిల్లీమీటర్లకే చేయబడినవి. వానిలో 15 మిల్లీమీటర్ల డిస్కును బలవంతముగా ద్రోయుట చెప్పు కొఱకు కాలు కోసికొనుట వంటిది. 7 మిల్లీమీటర్ల డిస్కు వదులుగానుండి కదలునేని, ప్రక్కన పలుచని స్పంజి ముక్క నుంచిన చాలును. పలుచనిదానికి ఉపాయము కలదు, మందమైనదానికి లేదు.

మేని కొలత యెఱుగుట పెట్టెలో పట్టుటకు మాత్రమే గాక విద్యుచ్ఛక్తి కొఱకును అవసరము. రెండున్నర అంగుళముల డిస్కు 5 వోల్టులతో నడచును. కంప్యూటరునకు గల యు.యస్.బి. రంధ్రము నుండి వచ్చునదియు 5 వోల్టులే. పాత రకపు యు.యస్.బి. 2.0 రంధ్రము 500 మిల్లీ ఆంపియర్లును, యు.యస్.బి. 3.0 రంధ్రము 900 మిల్లీ ఆంపియర్లును ఇయ్యవలెనని నియమము. చిన్న డిస్కునకు తఱచుగా నది చాలును. కావున తీగ యొక్కటి తగిలించిన పని జరుగును. మూడున్నర అంగుళముల డిస్కు కథ వేఱు. దాని మోటారునకు 12 వోల్టులు కావలెను. తిరుగుట ప్రారంభించు క్షణమున ఇంచుమించు 2 ఆంపియర్ల వఱకు లాగుట కలదు. సాధారణమైన యు.యస్.బి. రంధ్రము ఇంతటి భారమును మోయలేదు. అందుచేత పెద్ద డిస్కుల కేసునకు గోడకు తగిలించు ఎడాప్టరు ప్రత్యేకముగా నుండవలెను. ఎడాప్టరు లేని కేసును జూపి "ఇది పెద్ద డిస్కునకు సరిపోవును" అని యెవరైన చెప్పినచో, ఆ 12 వోల్టులు ఎక్కడనుండి వచ్చునని వినయముగా నడుగుడు.

స్కేలు చేత లేనివారికి దీనియందే యొక సులువైన గుఱుతు గలదు. డిస్కుపై నంటించిన చీటీని చదువుడు. దానిపై 5 వోల్టులు మాత్రమే వ్రాసియున్నచో చిన్న డిస్కు. 5, 12 అని రెండును వ్రాసియున్నచో తఱచుగా పెద్ద డిస్కు. బజారులో నా చెవినబడిన ఐదువందల జీబీలకు బదులు ఆ చీటీని చదివి వినిపింపుడని నేనడిగియున్నచో, ఆ తండ్రిగారి సొమ్ము వృథా కాకపోయెడిది.

ఇక తగులు విషయము. 2003వ సంవత్సర ప్రాంతమున సాటా అను తగులు వాడుకలోనికి వచ్చినది. ఎల్ ఆకారముగల సన్నని రెండు పట్టీలు ప్రక్కప్రక్కన నుండును. ఒకటి సమాచారమునకు, మఱియొకటి విద్యుత్తునకు. ఇది పెద్ద డిస్కులకును చిన్న డిస్కులకును ఒకే విధముగా నుండుటచే, కొన్ని పెద్ద కేసులలో చిన్న డిస్కును గూడ కదలకుండ బిగించి వాడుకొనవచ్చును. అంతకు పూర్వపు డిస్కులకు సూదులవంటి కడ్డీలు రెండు వరుసలలో నుండును, వానిని ఐ.డి.ఇ. డిస్కులందురు. వానికి సాటా కేసు పనికిరాదు. క్రొత్త ల్యాప్‌టాపులలో డిస్కునకు బదులు ఎమ్.2 అను సన్నని పలక యుండుట కలదు. దానిపై 2280 అని యుండిన, వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 80 మిల్లీమీటర్లు అని యర్థము. 2242 యనగా పొడవు 42 మిల్లీమీటర్లు. చూపునకు ఒకటిగానున్నను వీనిలో సాటా భాష మాటలాడునవి కొన్ని, ఎన్.వి.ఎమ్.ఇ. భాష మాటలాడునవి కొన్ని. రెంటికిని పనికివచ్చు కేసులున్నవి. ఒక్కదానికే పనికివచ్చునవియు నున్నవి. కొనునపుడు దీని నడిగి తెలిసికొనవలెను.

మేని కొలతనుగూర్చి యింత చెప్పితిని గనుక పట్టు కొలత నిరర్థకమని యెవరును తలపకుందురు గాక. దానియందును మనవారిని కలవరపెట్టు విషయము లున్నవి. ఒక టెరాబైటు డిస్కును కేసులో నమర్చి కంప్యూటరునకు తగిలింపగా, విండోసు దానిని 931 గిగాబైట్లుగా జూపును. కేసు 69 గిగాబైట్లను మ్రింగినదనియో, అంగడివాడు తక్కువ డిస్కు నంటగట్టెననియో కొందఱు కోపగింతురు. ఇందులో ఎవరి దోషమును లేదు. డిస్కు చేయువారు మనవలెనే పదులలో లెక్కింతురు. వారి టెరాబైటనగా మన లెక్కలో సరిగా లక్ష కోట్ల బైట్లు. గిగాబైటనగా నూఱు కోట్ల బైట్లు. విండోసు మాత్రము రెండును పది మాఱులు వేసి గుణింపగా వచ్చు 1,024ను వేయికి మాఱుగా గ్రహించును. ఆ లెక్కలో గిగాబైటనగా 107,37,41,824 బైట్లు. లక్ష కోట్లను దీనిచే భాగించి చూడుడు, 931 వచ్చును. మన పై తరగతి విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి తృప్తిపడవలెనని నా కోరిక.

మన పెద్దలకు ఇట్టి చిక్కు క్రొత్త కాదు. ఒక సీమ కుంచము వేఱొక సీమ కుంచముతో సరిపోయెడిది కాదు. ధాన్యము ఒక్కటియే, లెక్క వేఱు. 1956లో ప్రభుత్వము తూనికలు కొలతల చట్టముచే దేశమంతటికిని మెట్రికు మానమును నిర్ణయించిన పిమ్మట ఆ తగవు క్రమముగా తీఱినది. కంప్యూటరు లోకమునను 1998లో అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘమువారు రెండవ లెక్కకు గిబిబైటు అను ప్రత్యేక నామము నేర్పఱచిరి. ఆపిలు వారి కంప్యూటర్లు 2009 నుండి పదుల లెక్కనే చూపుచున్నవి. విండోసులో మాత్రము రెండవ లెక్కకు మొదటి పేరే నిలిచియున్నది. కావున 500 గిగాబైట్ల డిస్కు 465గా కనబడిన ఎవరును గాబరా పడవలదు.

పట్టు కొలత నిజముగా కేసు నెన్నుకొనుటలో అడ్డువచ్చు సందర్భ మొకటి కలదు. డిస్కులోని స్థలము 512 బైట్ల చిన్నచిన్న గదులుగా విభజింపబడి, ప్రతి గదికిని ఒక సంఖ్య యుండును. పాత కేసులలోని చిప్పు పెక్కింట ఈ సంఖ్యను 0, 1 అను అంకెలతో 32 స్థానములలో మాత్రమే వ్రాయగలదు. అట్లు వ్రాయదగిన గదులు 429 కోట్ల చిల్లర. వానిని 512చే హెచ్చింపగా ఇంచుమించు రెండు లక్షల ఇరువది వేల కోట్ల బైట్లు. అనగా రెండు టెరాబైట్లకు కొంచెము పైగా మాత్రమే. నాలుగు టెరాబైట్ల డిస్కును అట్టి పాత కేసులో నుంచినచో, లోపల సులభముగా నమరును. కాని దాని పూర్ణ ప్రమాణము కనబడదు. మేని కొలత సరిపోయియు పట్టు కొలత సరిపోని సందర్భ మిది. మా బాలుని తండ్రిగారికి కలిగినది దీనికి విపరీతము. రెండు కొలతలును సరిపోయినపుడే ఒర కుదిరినదనవలెను.

ఇచట తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక చేయుట నా విధి. క్రొత్త కేసులో పాత డిస్కును తగిలించినప్పుడు ఒక్కొక్కసారి కంప్యూటరు, "ఈ డిస్కును ఫార్మాటు చేయవలెను, చేయుదునా?" అని యడుగును. లోపలి వస్తువులు కావలెనన్న, అవునని నొక్కకుడు. డిస్కు నిండుగానుండియు కేసు దానిని సరిగా చదువలేకపోవుట కలదు. కొన్ని కేసులు గదుల సంఖ్యను తమదైన రీతిని మార్చి చూపును. ఒకదానిలో వ్రాసిన డిస్కు మఱియొకదానిలో ఖాళీగా కనబడుట యందులకే. ముందు వేఱొక కేసుతో చూచి, తెలిసినవారి నడిగి, ఆ పిమ్మట ఏమి చేయవలెనో నిర్ణయింపవలెను. అట్లే, డిస్కు లోపలనుండి టకటకమను శబ్దము వినవచ్చినచో పదేపదే తగిలింపకుడు. అది డిస్కు జబ్బు; దానికి కేసు మందు కాదు.

"ఇంత శ్రమ యేల? అంగడివానినే యడుగరాదా?" అని కొందఱనవచ్చును. అడుగవచ్చును. కాని అంగడివాడు మన ప్రశ్నకే సమాధానము చెప్పును. 500 జీబీ డిస్కునకు కేసు ఇమ్మన్న నాలుగు టెరాబైట్ల కేసు నిచ్చును; అందు వానికి దోషము లేదు. సరియైన ప్రశ్న వేయుట కొనువాని భారము. "నేడు అన్నియు ఇంటర్నెట్టుపై క్లౌడులో దాచుకొనవచ్చును గదా, ఈ పెట్టెలతో పనియేమి?" అని మఱికొందఱనవచ్చును. దాచుకొనుట మంచిదే. అయితే ఇప్పటికే మూలబడిన కంప్యూటరులో చిక్కుకొన్నది మొదట బయటికి రావలెను గదా! బావిలోని నీటిని తోడకయే ట్యాంకులో పోయుట యెట్లు? "పాతది పాఱవేసి క్రొత్తది కొన్న సరిపోవును" అనువారును కలరు. క్రొత్త డిస్కును కొనవచ్చును గాని, పాత డిస్కులోని కంఠస్వరమును ఏ యంగడిలోను కొనలేము.

కావున నా యభిప్రాయమిది. ఏటేటను పై తరగతుల విద్యార్థులకు ఒక్క గంటకాలము ఈ విషయమును చేతులతో నేర్పవలెను. గొప్ప ప్రయోగశాల యక్కఱలేదు. పనికిరాని పాత డిస్కులు నాలుగైదు, ఒక స్కేలు, మరమేకుల చేపట్టు ఒకటి చాలును. ప్రతి విద్యార్థియు డిస్కును కొలిచి, చీటీని చదివి, ఐదు సంగతులను కాగితముపై వ్రాయవలెను: వెడల్పెంత, మందమెంత, వోల్టులెన్ని, తగులు ఏ రకము, పట్టు ఎంత. ఆ క్రమములోనే వ్రాయవలెను. పట్టును కడపట నుంచుటలో నా యుద్దేశము చదువరులకు తెలిసియే యుండును. ఆ కాగితమును చేతబట్టుకొని బజారునకు బోయిన బాలునికి ఎవరును తప్పు కేసు నీయజాలరు. పాఠశాలకు రెండు రకముల డిస్కులను నిలువుగా దిగవేయదగిన డాకు ఒకటి, దాని 12 వోల్టుల ఎడాప్టరుతోగూడ కొనియుంచినచో, కేసు కొనుటకు ముందే డిస్కు బ్రతికియున్నదో లేదో ప్రతి కుటుంబమువారును చూచుకొనవచ్చును. ఈ చిన్న వ్యయమును కార్యనిర్వాహకులు ఆలోచింతురు గాక యని ప్రార్థించుచున్నాను.

తల్లిదండ్రులకు నేను చెప్పునది యింకొకటి కలదు. కేసులో బెట్టుట భద్రపఱచుట కాదు. చేతికి తెచ్చుకొనుట మాత్రమే. పాత డిస్కు తెఱచుకొన్న దినముననే అందలి ముఖ్యమైన వానికి రెండవ ప్రతిని మఱియొకచోట నుంచుడు. ఒక్క ప్రతిగా నున్నది యేదియు మనదని నమ్మరాదు.

ఆ బాలుని కథ యేమయ్యెనని చదువరులు అడుగవచ్చును. తప్పు నాది గనుక, మూడున్నర అంగుళముల కేసును ఎడాప్టరుతోగూడ నేనే కొని తెచ్చితిని. ఈసారి ముందుగా డిస్కును కొలిచియే బయలుదేఱితిని. శనివారము సాయంకాలము మా గదిలో ఆ బాలుడును, అతని తండ్రిగారును కూర్చుండగా డిస్కును అమర్చి తగిలించితిమి. కొంతసేపు సన్నని రొద వినవచ్చెను. పిదప తెరపై 465 గిగాబైట్లని కనబడెను. బాలుడు వెదకి వెదకి ఒకదానిని తెఱచెను. మొదట దగ్గు వినబడెను, ఆ వెనుక ఒక వృద్ధురాలు, "వింటున్నావా నాయనా?" అని యడిగి కథ మొదలుపెట్టెను. తండ్రిగారు తువాలుతో మొగము తుడుచుకొనిరి. మేమెవ్వరమును కథ ముగియు వఱకు మాటలాడలేదు.

ఆ చిన్న కేసు వృథా కాలేదు. దానిని ఆయన నాకే యిచ్చివేసిరి. మా యింటి పాత ల్యాప్‌టాపు డిస్కు దానిలో సరిగా నమరినది. దాని మందము 9.5 మిల్లీమీటర్లు. కొలిచి చూచిన తరువాతనే అమర్చితిని.